చిక్కదనం సోడియానిది కాదు

ఆవర్తన పట్టికలో మూడో పీరియడ్‌ను తీసుకుని, అందులోని మూలకాలను ఒక్కొక్కటిగా క్లోరిన్‌తో జతకట్టి చూడండి. సోడియం క్లోరైడు, అంటే మనం తినే ఉప్పు, 801 డిగ్రీల సెల్సియస్ దాకా కాస్తే గానీ కరగదు. మెగ్నీషియం క్లోరైడు 714 దగ్గర కరుగుతుంది. అల్యూమినియం క్లోరైడు 180 డిగ్రీల దగ్గర ద్రవం కాకుండానే ఆవిరై లేచిపోతుంది. దాని పక్కనున్న సిలికాన్ టెట్రాక్లోరైడు మామూలు గదిలోనే పలచని ద్రవం. 58 డిగ్రీలకు మరిగిపోతుంది. ఫాస్ఫరస్ ట్రైక్లోరైడూ ద్రవమే. క్లోరిన్‌ను ఉంచి మూలకాన్ని మార్చితే ఇంత తేడా. అదే సోడియాన్ని ఉంచి జతను మార్చితే? ఫ్లోరైడు 993 డిగ్రీలు, బ్రోమైడు 747, అయొడైడు 661, హైడ్రాక్సైడు, అంటే కాస్టిక్ సోడా, దాదాపు 320, నైట్రేటు 308, నైట్రైటు 271, క్లోరేటు 248. అంకెలు దిగుతున్నాయి గానీ గది ఉష్ణోగ్రత ఛాయలకు ఒక్కటీ రావడం లేదు. అయినా కాస్టిక్ సోడా లై అనగానే నూనెలా జారే ద్రవం, సోడియం సిలికేట్ అనగానే బంకలాంటి ద్రవం, బ్లీచింగ్ ద్రావణం అనగానే నీళ్లలాంటి ద్రవం మన కళ్లముందు మెదులుతాయి. వీటిని చూసి సోడియం సమ్మేళనాల్లో కొన్ని ఘనాలనీ, కొన్ని ద్రవాలనీ, ఆ ద్రవాల్లో కొన్ని పలచన, కొన్ని చిక్కన అనీ పట్టిక గీసుకుంటే లెక్క తప్పుతుంది. సాదా సోడియం లవణం ఏదీ గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవం కాదు. ద్రవంగా కనిపించిన చోటల్లా దాని చిక్కదనాన్ని, పాఠ్యపుస్తకాల భాషలో స్నిగ్ధతను, నిర్ణయించేది సోడియం కాదు, దాని చుట్టూ చేరిన అణువులు.

ఘనంగా ఎందుకు ఉంటుందనే ప్రశ్నకు బడిలో చెప్పే జవాబు సగమే నిజం. ఉప్పు స్ఫటికంలో సోడియం, క్లోరైడు అయాన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఒక మోల్ ఉప్పులోని అయాన్లన్నిటినీ పూర్తిగా విడదీయడానికి 787 కిలోజౌళ్లు కావాలి. అందుకే అది అంత తేలిగ్గా కరగదు అంటారు. కానీ కరగడమంటే అయాన్లు విడిపోవడం కాదు. అదే మోల్ ఉప్పును 801 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చడానికి సుమారు 28 కిలోజౌళ్లు చాలు. కరిగిన ఉప్పులోనూ ప్రతి సోడియం చుట్టూ క్లోరైడులే ఉంటాయి, కాకపోతే వాటి వరుస చెదిరి ఉంటుంది. కాబట్టి ద్రవీభవన స్థానం ఒక నిష్పత్తి: వరుస చెదరడానికి అయ్యే ఖర్చు ఒకపక్క, చెదరడం వల్ల పెరిగే అమరికల స్వేచ్ఛ, అంటే ఎంట్రోపీ, మరోపక్క. సోడియం, క్లోరైడు రెండూ చిన్న గోళాలు. తిరగడానికి, వంగడానికి, మెలికలు పడడానికి వాటికి ఒళ్లే లేదు. చెదిరినా దక్కే స్వేచ్ఛ తక్కువ, ఖర్చేమో ఎక్కువ. ఉష్ణోగ్రత చాలా పెరిగితే తప్ప ఈ బేరం కుదరదు. నైట్రేటు, క్లోరేటు వంటి పెద్ద అయాన్లు వచ్చేసరికి ఖర్చు తగ్గి, ద్రవీభవన స్థానం వందల డిగ్రీలు దిగింది. ఈ సూత్రం చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఇక సీసాల్లోని ద్రవాల సంగతి. మందుల దుకాణంలోనో, ప్రయోగశాలలోనో, కర్మాగారంలోనో ద్రవరూపంలో దొరికే సోడియం సమ్మేళనం దాదాపు ఎప్పుడూ నీటి ద్రావణమే. ఆ మాత్రం ఎవరికి తెలియదు, నీళ్లు కలిపితే నీళ్ల లక్షణమే వస్తుంది, అందులో వింతేముంది అని అడగవచ్చు. వింత ఉంది. 20 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత 1 మిల్లీపాస్కల్-సెకను. అదే కొలతలో ఆముదం దాదాపు 1000. ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీటి స్నిగ్ధత 2 దరిదాపుల్లో ఆగిపోతుంది. సగానికి సగం కాస్టిక్ సోడా ఉన్న ద్రావణానిది మాత్రం 80 దగ్గరికి వెళుతుంది. గోదావరి జిల్లాల్లోని కొవ్వూరులో, సగ్గొండలో తయారై ట్యాంకర్లలో బయలుదేరే లై ఈ గాఢతకు దగ్గరగా ఉంటుంది. రెండు ద్రావణాల్లోనూ సోడియమే ఉన్నా ఒకటి నీళ్లలా పారుతుంది, మరొకటి వంటనూనెలా సాగుతుంది. కారణం కూడికలు, భాగహారాలతోనే దొరుకుతుంది. సంతృప్త ఉప్పు నీటిలో ఒక్కో సోడియం అయానుకు తొమ్మిది నీటి అణువులు వస్తాయి. 50 శాతం లైలో వచ్చేది రెండు, రెండున్నర. సోడియం అయాను తన చుట్టూ అయిదారు నీటి అణువులను కోరుతుంది. హైడ్రాక్సైడు అయానుకూ దాని వంతు కావాలి. లైలో స్వేచ్ఛగా తిరిగే నీరంటూ మిగలదు. ప్రతి నీటి అణువునూ ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు, ఎవరు కదలాలన్నా పక్కవాళ్లు కదలాలి. అందుకే అది చిక్కన. సుమారు 12 డిగ్రీల కిందకు చల్లబడితే అందులో స్ఫటికాలు పడడం మొదలవుతుంది. చలిదేశాల్లో ఈ ట్యాంకర్లకూ గొట్టాలకూ వేడి పెట్టే ఏర్పాట్లు అందుకోసమే.

నీటిలో సోడియం ప్రభావం బొత్తిగా లేదని కాదు. 1929లో హార్వర్డ్‌లో గ్రిన్నెల్ జోన్స్, మాల్కం డోల్ పలచని లవణ ద్రావణాల స్నిగ్ధతను ఒక సమీకరణంలోకి తెచ్చారు. ఒక్కో అయానుకు ఒక్కో గుణకం ఇస్తే సోడియానిది ధనాత్మకం, పొటాషియానిది ఋణాత్మకం అని తేలింది. పొటాషియం క్లోరైడు కలిపిన నీరు మామూలు గదిలో మంచినీటి కన్నా కాస్త పలచనవుతుంది. సోడియం క్లోరైడు కలిపిన నీరు చిక్కబడుతుంది. సోడియం అయాను చిన్నది, దాని ఆవేశం చుట్టూ ఉన్న నీటిని బిగబడుతుంది. పొటాషియం పెద్దది, పట్టు సడలుతుంది. ఇది నిజమైన సోడియం లక్షణమే, కాకపోతే దాని పరిమాణం శాతాల్లో ఉంటుంది. లైలో కనిపించిన ఎనభై రెట్ల పెరుగుదల అలాంటిది కాదు. అది నీటి కరువు వల్ల వచ్చింది.

వానాకాలంలో చెమ్మగిల్లే ఉప్పు డబ్బా కూడా ఈ కోవలోదే. శుద్ధమైన సోడియం క్లోరైడు గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. అందులో మెగ్నీషియం క్లోరైడు కలగలిసి ఉంటే అంతకన్నా చాలా ముందే. కాస్టిక్ సోడా బిళ్లలను బల్లమీద వదిలేస్తే కాసేపటికి అవి మడుగు కట్టేదీ ఇందుకే. ఉష్ణోగ్రత వల్ల ఏదీ కరగలేదు, గాలిలోని నీరు వచ్చి చేరిందంతే.

అసలు చిక్కు ఆర్ద్రలవణాలతో వస్తుంది. స్ఫటికంలోనే నీరు దాచుకున్న సోడియం లవణాలు నిజంగానే గది ఉష్ణోగ్రతకు కొంచెం పైన కరుగుతాయి. పది నీటి అణువులున్న సోడియం సల్ఫేట్, గ్లాబర్ లవణం, 32.4 డిగ్రీల దగ్గర. పది నీటి అణువుల వాషింగ్ సోడా ఇంచుమించు అక్కడే. పన్నెండు నీటి అణువుల డైసోడియం ఫాస్ఫేట్ 35 దగ్గర. ఫొటోలు కడగడానికి వాడిన హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, 48 దగ్గర. రసాయన పుస్తకాలు గది ఉష్ణోగ్రత అంటే 20 లేదా 25 డిగ్రీలని నిర్ణయించింది చలిదేశపు గదులను చూసి. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో పాదరసం 45 దాటిన మధ్యాహ్నం, ఫ్యాన్ తప్ప దిక్కులేని గిడ్డంగిలో మూత బిగించిన గ్లాబర్ లవణం సీసా సగం ద్రవంగానే ఉంటుంది. మరి సోడియం లవణం ద్రవమైనట్టే కదా? కాదనే నా వాదన. ఆ లవణం తనలో దాచుకున్న నీటిలో తానే కరిగింది. నీరు లేని సోడియం సల్ఫేట్ 884 డిగ్రీల దాకా చెక్కుచెదరదు.

ఇది మాటల మీద పట్టుదల కాదని ఒక ఇల్లు రుజువు చేసింది. 1948లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, డోవర్‌లో మరియా టెల్కెస్ అనే శాస్త్రవేత్త, ఎలియనోర్ రేమండ్ అనే వాస్తుశిల్పి సూర్యరశ్మితోనే వెచ్చబడే ఇల్లు కట్టారు. పగటి వేడిని దాచేందుకు వాళ్లు ఎంచుకున్నది టన్నుల కొద్దీ గ్లాబర్ లవణం. కరిగేటప్పుడు వేడిని మింగుతుంది, గడ్డకట్టేటప్పుడు వదులుతుంది అన్నది ఊహ. కొన్ని శీతాకాలాలు నడిచాక ఆ ఏర్పాటు చేతులెత్తేసింది. 32.4 డిగ్రీల దగ్గర గ్లాబర్ లవణం ఒకే ద్రవంగా మారదు. నీరు కోల్పోయిన సోడియం సల్ఫేట్ పొడి, దాని సంతృప్త ద్రావణం అనే రెండుగా చీలుతుంది. బరువైన పొడి అడుక్కు దిగిపోతుంది. మళ్లీ చల్లబడినప్పుడు కింది పొడికి పై నీరు అందదు. చక్రం తిరిగినకొద్దీ దాచుకునే వేడి తగ్గుతూ పోతుంది. తర్వాతి కాలంలో దీనికి కనిపెట్టిన ఉపాయం మన విషయానికి నేరుగా సంబంధించినదే: బంకమన్ను వంటివి కలిపి ఆ ద్రావణాన్ని కావాలని చిక్కబరచడం. పొడి అడుక్కు దిగలేనంత చిక్కదనం ఉంటే నీరు దాని పక్కనే ఉంటుంది. గ్లాబర్ లవణం నిజమైన ఏక ద్రవం అయివుంటే ఈ తంటా ఉండేదే కాదు.

చేతులు వెచ్చబరచుకునే పొట్లాలలోని సోడియం అసిటేట్‌దీ ఇదే కథ. మూడు నీటి అణువులున్న ఆ లవణం 58 డిగ్రీల దగ్గర కరిగి, చల్లారాక కూడా గడ్డకట్టడం మరచిపోయినట్టు ద్రవంగా ఉండిపోతుంది. లోపలి చిన్న రేకును నొక్కితే క్షణాల్లో గట్టిపడుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర దాని స్థిరమైన రూపం ఘనమే. ద్రవం వాయిదా పడిన స్థితి మాత్రమే.

నీటి సాయం లేకుండా, మంటతో కరిగించిన సోడియం లవణం ఎంత చిక్కగా ఉంటుంది? గట్టిగా పట్టుకున్న అయాన్లు కదా, బంకలా సాగుతుందని ఊహిస్తాం. కొలిస్తే, ద్రవీభవన స్థానం దగ్గర కరిగిన ఉప్పు స్నిగ్ధత 1కీ 1.5కీ మధ్య ఉంది. కళ్లు మూసుకుని గరిటెతో తిప్పగలిగితే, గదిలోని మంచినీటికీ దానికీ తేడా పోల్చడం కష్టం. సోడియం నైట్రేటు, పొటాషియం నైట్రేటు మిశ్రమం స్పెయిన్‌లోని హెమాసొలార్ వంటి సౌరవిద్యుత్ కేంద్రాల్లో 290 నుంచి 565 డిగ్రీల మధ్య గొట్టాల్లో మామూలు పంపులతో ప్రవహిస్తుంది. దాని స్నిగ్ధతా 1 నుంచి 3 చుట్టూనే. లోహ సోడియం మరీను. 98 డిగ్రీలకు కరిగే ఆ లోహం 100 డిగ్రీల దగ్గర గదిలోని నీటికన్నా పలచన. 1985 నుంచి కల్పాక్కంలో నడుస్తున్న ప్రయోగాత్మక ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌కు అదే చల్లదనమిచ్చే ద్రవం. ఇలాంటి రియాక్టర్లలో సోడియం ఎలా ప్రవహిస్తుందో ముందుగా అంచనా వేయడానికి ఇంజినీర్లు ప్రపంచమంతటా నీళ్లతోనే నమూనా ప్రయోగాలు చేస్తారు.

అంత గట్టి ఆకర్షణ ఉన్నా పలచన ఎలా అయింది? వేడి ఎక్కువ కాబట్టి అనడం సగం జవాబే. అంతకన్నా వేడిలో, 1713 డిగ్రీల పైన కరిగించిన శుద్ధ సిలికా నీటికన్నా వంద కోట్ల రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. తేడా ఉన్నది జత మార్చుకునే దారిలో. కరిగిన ఉప్పులో ఒక సోడియం ఒక క్లోరైడును వదిలితే పక్కనే మరొకటి సిద్ధంగా ఉంటుంది. వదలడం, అందుకోవడం ఒకే కదలికలో జరిగిపోతాయి. సిలికాలో ప్రతి సిలికాన్ నాలుగు ఆక్సిజన్ వంతెనలతో నాలుగు పక్కలకూ కట్టుబడి ఉంటుంది. ప్రవహించాలంటే వంతెన తెగాలి. చిక్కదనం ఆకర్షణ బలాన్ని కొలవదు, జత మార్చుకోవడానికి ఎక్కాల్సిన గట్టు ఎత్తును కొలుస్తుంది.

ఇక్కడే సోడియం తన అసలు పాత్ర చూపిస్తుంది. సిలికాకు సోడా కలిపితే సోడియం ఆక్సైడు ఆ వంతెనలను తెంపుతుంది. తెగిన ప్రతి కొసనా ఒక సోడియం కూర్చుంటుంది. చిక్కదనం వేలు, లక్షల రెట్లు పడిపోతుంది. రోమన్ల కాలంలో ఈజిప్టు నేట్రాన్ సోడాతో సామాన్యమైన కొలిమిలో గాజు చేయగలిగింది అందుకే. నీటిని చిక్కబరచిన సోడియమే సిలికాను పలచబరుస్తోందన్నమాట. 1818లో జర్మన్ రసాయనవేత్త యోహాన్ నెపోముక్ ఫాన్ ఫుక్స్ వర్ణించిన జలగాజు, అంటే సోడియం సిలికేట్ ద్రావణం, ఇదే చెబుతుంది. అట్టపెట్టెల జిగురుగా, ఫౌండ్రీ అచ్చుల్లో ఇసుకను పట్టే బంకగా వాడే రకాల్లో సోడా వాటా తగ్గి సిలికా వాటా పెరిగేకొద్దీ, పాళ్లు సమానంగా కరిగించినా, అది చిక్కబడుతుంది. సోడియం పేరుతో అమ్మే ఆ బంకలో బంకతనమంతా సిలికేట్ గొలుసులది.

గాజు మాట వచ్చింది కాబట్టి ఒక పాత వాదనకు జవాబు చెప్పాలి. సోడా గాజు గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవమేననీ, యూరప్‌లోని పాత చర్చి కిటికీల అద్దాలు అడుగున మందంగా ఉండడమే సాక్ష్యమనీ ఇప్పటికీ వింటుంటాం. అది నిజమైతే నా మొదటి మాట కూలిపోతుంది. 1998లో బ్రెజిల్ శాస్త్రవేత్త ఎడ్గార్ జనోటో లెక్కకట్టి, కంటికి కనబడేంత ప్రవాహానికి విశ్వం వయసు కూడా చాలదని చూపించాడు. తర్వాత వెస్ట్‌మినిస్టర్ అబ్బే గాజును పోలిన పదార్థం మీద జరిగిన పరిశోధన స్నిగ్ధతను 1 పక్కన 24 సున్నాలున్న పాస్కల్-సెకన్లకు తెచ్చింది. పాత అంచనాల కన్నా అది ఎంతో తక్కువే, అయినా వంద కోట్ల ఏళ్లలో ఆ అద్దం జారేది ఒక నానోమీటరు. పైగా ఆ మధ్యయుగపు అద్దాల్లో సోడియం కన్నా కట్టెబూడిద నుంచి వచ్చిన పొటాషియమే ఎక్కువ. చేత్తో ఊది చేసిన పలక సమంగా రాదు. మందపు అంచును కిందకు పెట్టి బిగించడం పనివాళ్ల అలవాటు. ఏ కొలమానంతో చూసినా గాజు ఘనమే.

స్నానాల గదిలో మరో సాక్ష్యం ఉంది. షాంపూలోని సోడియం లారెత్ సల్ఫేట్ పలచని ద్రావణం నీళ్లలా ఉంటుంది. దానికి ఒకటి రెండు శాతం ఉప్పు కలిపితే వందల రెట్లు చిక్కబడుతుంది. కంపెనీలు చేసేది అదే, ఉప్పుకన్నా చవకైన మందు లేదు. ఉప్పులోని సోడియం అయాన్లు డిటర్జెంట్ అణువుల ఋణావేశాన్ని కప్పేసి, గుండ్రటి గుంపులను పొడవాటి దారాలుగా పెరగనిస్తాయి, దారాలు చిక్కుపడతాయి. ఇంకొంచెం ఉప్పు పోస్తే దారాలకు కొమ్మలు పుట్టి, చిక్కు ముడులు జారడం నేర్చుకుని, ద్రవం మళ్లీ పలచనైపోతుంది. సోడియం పెరుగుతూనే ఉంది, స్నిగ్ధత ఎక్కి దిగింది. ఇంతకన్నా తేటగా ఏ సమీకరణమూ చెప్పలేదు.

అయితే నీరు లేకుండా, సోడియం తప్ప మరో ధనాయాను లేకుండా, గదిలో ద్రవంగా ఉండే లవణం అసాధ్యమా? మొదట చెప్పిన బేరాన్ని గుర్తు చేసుకుంటే దారి కనిపిస్తుంది: ఖర్చు తగ్గించాలి, స్వేచ్ఛ పెంచాలి. 1914లో పాల్ వాల్డెన్ వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేటు 12 డిగ్రీలకే కరుగుతుంది, ఎందుకంటే అందులోని ధనాయాను ఒడ్డూ పొడుగూ ఉన్న సేంద్రియ అణువు. సోడియాన్ని పెంచలేం, కాబట్టి ఋణాయానును పెంచాలి. ఆవేశం ఒక్కచోట లేకుండా పరచుకున్న సోడియం బిస్-ఫ్లోరోసల్ఫోనిల్ అమైడు 106 డిగ్రీలకు కరుగుతుంది. పొటాషియం జోడీతో కలిపితే 61 వరకూ దిగుతుంది. ఇంకా గదిలోకి రాలేదు. 2009లో జర్మనీలోని రీగెన్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ కున్జ్ బృందం మరో ఎత్తు వేసింది. ఒక కొసన కార్బాక్సిలేటు, తోకలో నాలుగు ఈథర్ ఆక్సిజన్లు ఉన్న ఋణాయానును సోడియానికి జతచేసింది. తోక వంగి సోడియాన్ని చుట్టేస్తుంది. వచ్చిన లవణం గదిలో ద్రవం. చల్లబరిస్తే స్ఫటికం కట్టకుండా సున్నాకు 50 డిగ్రీలకు పైగా దిగువన గాజులా బిగుస్తుంది.

సాదా లవణం అని నేను మొదట అన్నది ఈ మినహాయింపు కోసమే. నీటిని బయట పారబోసి దాని ఆక్సిజన్లనే ఋణాయాను తోకకు కుట్టినట్టుంది గానీ ఇదేం గొప్ప అని ఎవరైనా అంటే, ఆ విమర్శలో న్యాయముంది. కానీ రసాయన సూత్రం ప్రకారం అది ఒకే సమ్మేళనం, సోడియం లవణమే; ఎండబెడితే ఆవిరైపోయే ద్రావణి అందులో లేదు. అసలు ధర వేరేచోట చెల్లించారు. ఆ ద్రవం బాగా చిక్కన. కరిగిన ఉప్పులో సోడియం ఒక గంతులో జత మార్చుకునేది. ఇక్కడ తోకలోని ఆక్సిజన్ల పట్టు ఒక్కొక్కటిగా విడిపించుకోవాలి. ద్రవీభవన స్థానాన్ని దించిన తోకే కదలికకు అడ్డం పడుతోంది.

ఈ ధర బ్యాటరీలు చేసేవాళ్లకు బాగా తెలుసు. లిథియం బదులు చవకైన సోడియంతో నడిచే బ్యాటరీలో అయాన్లు రెండు ఎలక్ట్రోడుల మధ్య చురుగ్గా తిరగాలి. ద్రవం చిక్కగా ఉంటే విద్యుత్తు మందగిస్తుంది. ద్రావణి లేని సోడియం ద్రవం మంటకు అంతగా భయపడనక్కరలేనిది, అందుకే ప్రయోగశాలలు దాన్ని వదలడం లేదు. ప్రస్తుతానికి సోడియం-అయాన్ సెల్‌లలో ఎక్కువగా వాడుతున్న ద్రవం మాత్రం ఎథిలీన్ కార్బనేట్, ప్రొపిలీన్ కార్బనేట్ వంటి మండే సేంద్రియ ద్రావణుల మిశ్రమం. సోడియం లవణం అందులో లీటరుకు ఒక మోల్ చొప్పున కరిగి ఉంటుంది.